సత్యం, అహింస ఒకదానికొకటి అడ్డొస్తే దేన్ని పట్టుకోవాలి?

తులసికోట:

కొంచెం పెద్ద పోస్టు, ఓపికగా చదవండి.

నిరుడు మా అమ్మమ్మకి క్లోమంలో క్యాన్సర్ అని తేలింది. అప్పటికే కాలేయానికి పాకింది, ఆపరేషన్ చేసినా లాభం లేదన్నారు. డాక్టర్ ఆ మాట మా పెద్దమావయ్యని బయటికి పిలిచి చెప్పారు, అమ్మమ్మకి చెప్పలేదు. ఆ సాయంత్రం అందరం కూర్చుని ఆవిడకి చెప్పకూడదనుకున్నాం. కడుపులో పుండు, మందులు వాడితే మానిపోతుంది అని అందరూ ఒకే మాట మీద ఉండాలని నిర్ణయం. మావయ్య భాగవతం బాగా చదువుకున్న మనిషి, "ప్రాణవిత్తమానభంగమందు బొంకవచ్చు" అని పోతన పద్యమే ఉందిగా అన్నారు, దాంతో ఇంకెవరూ నోరెత్తలేదు.

ఒక మధ్యాహ్నం నేను ఆవిడ కాళ్ళకి నూనె రాస్తున్నాను. రిపోర్టుల కవరు బీరువా పైన, ఆవిడకి అందని ఎత్తులో పెట్టాం. దానికేసే చూస్తూ "ఏమే, ఆ కవర్లో ఏం రాశారే?" అంది. "పుండేనమ్మమ్మా, మానిపోతుంది" అన్నాను. కాసేపు నా మొహంలోకి చూసి, "సరేలే" అని గోడవైపు తిరిగి పడుకుంది. ఆ తరువాత పోయేదాకా జబ్బు గురించి ఒక్కసారి కూడా అడగలేదు. వాళ్ళ చెల్లెల్ని చూడాలని ఉందని మాత్రం రెండుసార్లు అంది. పొలం గట్టు గొడవ మీద వాళ్ళిద్దరికీ పన్నెండేళ్ళుగా మాటల్లేవు. "తగ్గాక మనమే వెళ్దాంలే" అన్నాం, రెండుసార్లూ అదే మాట. మూడు నెలలకి పోయింది.

అప్పట్నుంచి గాంధీని చదువుతున్నాను. 1930లో ఎరవాడ జైలు నుంచి ఆశ్రమానికి రాసిన ఉత్తరాల్లో ఆయన సత్యాన్నీ అహింసనీ నాణేనికి రెండు వైపులంటారు, కాదు, ముద్ర కూడా లేని నున్నటి బిళ్ళ, ఏది బొమ్మో ఏది బొరుసో ఎవరు చెప్పగలరు అంటారు. చదవడానికి బాగుంది. కానీ నూనె చేతులతో కూర్చున్న నాకు ఆ రోజు అవి రెండూ వేర్వేరుగానే కనిపించాయి. చెప్తే ఆవిడ గుండె పగులుతుంది, చెప్పకపోతే అబద్ధం. ఇలాంటి చోట మన కాలపు చింతకులు, గాంధీ గానీ అంబేద్కర్ గానీ ఇంకెవరైనా గానీ, ఏం దారి చూపించారు? "వాళ్ళు మాట్లాడింది రాజకీయం గురించి, ఇంటి విషయం వేరు" అని మాత్రం అనకండి. గాంధీ ఆ రెండూ వేరని ఎప్పుడూ అనలేదు.

పాతపుస్తకం:

తులసికోట గారూ, ముందు మీ మావయ్యగారి పద్యం సంగతి. మనవాళ్ళు అవసరం పడ్డప్పుడల్లా ఆ పద్యం చదువుతారు గానీ అది ఎవరు ఎవరికి చెప్పారో వదిలేస్తారు. వచ్చిన పొట్టివాడు విష్ణువు, దానం ఇవ్వకు, మాట తప్పినా పాపం లేదు అని శుక్రాచార్యుడు బలికి చెప్పే సలహా అది. బలి ఆ సలహా వినడు. గురువు శపించినా ఇచ్చిన మాట మీదే నిలబడతాడు. పోతన మన చేత దండం పెట్టించింది బలికి. కాబట్టి ఆ పద్యాన్ని అడ్డం పెట్టుకుని అబద్ధం చెప్పడం పోతనకి కూడా అన్యాయమే అని నా అభిప్రాయం.

ఇక గాంధీ. మీ ఇంట్లో జరిగినదానికి చాలా దగ్గరగా ఉన్న సంఘటన ఆయన ఆత్మకథలోనే ఉంది. దక్షిణాఫ్రికాలో కస్తూర్బాకి ఆపరేషన్ అయింది, డర్బన్‌లో డాక్టరు దగ్గరే ఉంది. గాంధీ జొహన్నెస్‌బర్గ్‌లో ఉన్నారు. ఆవిడ బాగా నీరసించింది, గొడ్డుమాంసపు రసం పట్టాలి, మీ అనుమతి కావాలి అని డాక్టరు ఫోన్ చేశాడు. ఆవిడని అడగండి, ఆవిడ సరే అంటే నాకు అభ్యంతరం లేదు అన్నారు గాంధీ. ఇలాంటివి రోగిని అడగను అన్నాడు డాక్టరు. గాంధీ ఆ రోజే రైలెక్కి వచ్చేశారు. వచ్చాక డాక్టరు తాపీగా చెప్పాడు, మీకు ఫోన్ చేసేసరికే పట్టేశాను అని. ఇది మోసం అన్నారు గాంధీ. మందు విషయంలో మోసమేంటి, రోగిని బతికించడానికి రోగినో బంధువులనో మోసగించడం మేం పుణ్యమనుకుంటాం అని డాక్టరు సమాధానం.

ఆ తరువాతిది చూడండి. కస్తూర్బా మాట్లాడే ఓపిక కూడా లేని స్థితిలో ఉంది. అయినా గాంధీ జరిగిందంతా ఆవిడకి చెప్పి నీ ఇష్టమేంటి అని అడిగారు, అది బాధాకరమైన బాధ్యత అనుకుని మరీ. ఆవిడ ఖండితంగా వద్దంది. పట్టింపు లేదు, మాంసమూ మద్యమూ మందుగా పుచ్చుకున్న హిందూ స్నేహితులున్నారు అని ఆయనే ఉదాహరణలు చెప్పినా వినలేదు. చివరికి చినుకులు పడుతుండగా ఆవిడని అక్కణ్ణుంచి తీసుకెళ్ళిపోయారు, ఫీనిక్స్ ఆశ్రమానికి చేరాక మెల్లగా కోలుకుంది. వైద్యపరంగా అది పెద్ద సాహసం, ఫలితం బాగుంది కాబట్టి నిర్ణయం సరైనదే అని నేను అనను. కానీ ప్రాణం మీదికొచ్చిన మనిషిని కూడా ఆయన అడిగారు. చెప్తే ఎక్కడ కంగారు పడుతుందో అనుకుని ఆవిడ బదులు తానే నిర్ణయం తీసేసుకోలేదు.

ఎందుకంటారా, నాకు అర్థమైనంతవరకు దానికి మూలం 1920 జనవరిలో ఉంది. జలియన్‌వాలాబాగ్ లాంటి పంజాబ్ ఘోరాల మీద వేసిన హంటర్ కమిటీ ముందు అహ్మదాబాద్‌లో గాంధీ సాక్ష్యం ఇచ్చారు. చిమన్‌లాల్ సెతల్వాద్ గట్టి లాయరు, సూటిగా అడిగాడు: సత్యం ఏదో ఎవరు తేల్చాలి? ఎవరికి వాళ్ళే అన్నారు గాంధీ. ఒక్కొక్కరికి ఒక్కో సత్యం అయితే గందరగోళం కాదా? కాదు అన్నారాయన, అందుకే అహింస తప్పనిసరి అయింది అన్నారు. మనిషికి సంపూర్ణ సత్యం తెలిసే వీల్లేదు, కనుక ఎదుటివాణ్ణి శిక్షించే అర్హత కూడా అతనికి లేదు. నా సత్యం తప్పైతే ఆ దెబ్బ నాకే తగలాలి గానీ ఎదుటివాడికి తగలకూడదు.

మామూలుగా మనం అహింసని జాలి వైపు నుంచి అర్థం చేసుకుంటాం, బాధపెట్టకపోవడమే అహింస అని. గాంధీ దగ్గర అది "నేను పొరపాటు పడి ఉండొచ్చు" అనే చోట మొదలవుతుంది. మీ ఇంట్లో అందరూ కలిసి ఒక విషయం తేల్చేశారు, ఆవిడ తట్టుకోలేదు అని. అది మీకు ఎలా తెలుసు? ఆవిడని అడగలేదు కదా. ఆవిడని తక్కువ అంచనా వేశారేమో, ఆ అంచనా తప్పైతే నష్టపోయేది ఆవిడే. ఆ లెక్కన గాంధీ దృష్టిలో మీరు చెప్పిన అబద్ధంలోనే హింస ఉంది. గట్టిగా అంటున్నానేమో, మిమ్మల్ని నిందించడానికి కాదు. మా నాన్న విషయంలో నేనూ ఇదే చేశాను.

రాత్రిడ్యూటీ:

నేను నర్సుని, తొమ్మిదేళ్ళుగా ఇలాంటి రోగుల వార్డులోనే పని. ఫిలాసఫీ నాకు అంతగా తెలీదు.

ఒకటి చెప్పగలను. చాలామందికి తెలిసిపోతుంది తల్లీ. బరువు తగ్గడం తెలుస్తుంది, బంధువులు ఉన్నట్టుండి వరసగా రావడం తెలుస్తుంది, నిన్నటిదాకా కసురుకున్న కొడుకు ఇవాళ కాళ్ళు పట్టడం తెలుస్తుంది. మీ అమ్మమ్మగారు గోడవైపు తిరిగారన్నారు చూడండి, అలాంటివి నేను ఎన్నోసార్లు చూశాను. మీకు అబద్ధం చెప్పే కష్టం ఇంకోసారి రాకూడదని ఆవిడే అడగడం మానేసి ఉండొచ్చు. అప్పుడు ఇంట్లో అందరూ ఉంటారు గానీ ఆ మనిషి ఒక్కతే అయిపోతుంది.

అలాగని రిపోర్టు తీసుకెళ్ళి మొహాన చదవాలనీ కాదు. మేం ముందు అడుగుతాం, మీకు ఏమనిపిస్తోంది, ఎంతవరకు తెలుసుకోవాలని ఉంది అని. "నాకేం చెప్పొద్దు, అన్నీ మా అబ్బాయితో మాట్లాడండి" అనేవాళ్ళూ ఉంటారు. అలా అన్నవాళ్ళకి చెప్పకపోవడం మోసం కాదు, అది వాళ్ళే కోరుకున్నది. "ఆ కవర్లో ఏం రాశారే" అని ఆవిడే అడిగింది కదా, అదే తలుపు తీయడం అంటే. ఆ క్షణంలో "నీకేమనిపిస్తోంది అమ్మమ్మా" అని ఉంటే చాలేది. మీరు చిన్నపిల్ల, టెన్షన్‌లో ఉన్నారు, ఇంట్లో పెద్దలు ఒక మాట మీద ఉన్నారు. ఇందులో మీ ఒక్కరి తప్పేం లేదు.

చవదార్:

పైన పాతపుస్తకం గారు రాసిన హంటర్ కమిటీ మాట బాగుంది, కానీ గాంధీ ఆ మాట మీద ప్రతిసారీ నిలబడ్డారా అన్నది అడగాలి. "నా సత్యం తప్పైతే దెబ్బ నాకే తగలాలి" అనేది సిద్ధాంతం. 1932 సెప్టెంబర్ 20న అదే ఎరవాడ జైల్లో ఆయన ఆమరణ దీక్షకి కూర్చున్నారు, అంటరాని కులాలకి ప్రత్యేక నియోజకవర్గాలు (వాళ్ళ ప్రతినిధుల్ని వాళ్ళే ఎన్నుకునే ఏర్పాటు) వద్దని. పస్తున్నది ఆయనే, నిజమే. కానీ ఆయన పోతే ఊరూరా ఎవరి గుడిసెలు తగలబడేవి? ఆ ఒత్తిడంతా అంబేద్కర్ మెడ మీద పడింది. 24న పూనా ఒప్పందం మీద సంతకం పెట్టాల్సి వచ్చింది, ప్రత్యేక నియోజకవర్గాలు పోయి 148 రిజర్వుడు సీట్లు వచ్చాయి. ఆ దీక్షలో గొప్పతనం ఏమీ లేదని అంబేద్కర్ 1945లో చాలా కఠినంగానే రాశారు. ఎదుటి మనిషికి కాదనే వీలు లేకుండా చేసి "నేను నిన్ను తాకలేదు కదా" అంటే అది అహింస ఎలా అవుతుంది?

అహింస అంబేద్కర్‌కి పట్టలేదని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. 1927 మార్చి 20న మహారాష్ట్రలోని మహద్‌లో, అంటరానివాళ్ళని ముట్టనివ్వని చవదార్ చెరువు నీళ్ళు తాగారు, అంతే, దోసెడు నీళ్ళు. దానికి సవర్ణులు వచ్చి జనాన్ని కొట్టారు, తరువాత చెరువుని శుద్ధి కూడా చేసుకున్నారు. తనవాళ్ళు తిరగబడటానికి సిద్ధంగా ఉంటే అంబేద్కరే ఆపారు. ఆ పైన సవర్ణులు కోర్టుకెక్కితే పదేళ్ళు కొట్లాడారు, 1937లో బొంబాయి హైకోర్టు ఆ చెరువు దగ్గర అంటరానివాళ్ళని ఆపే హక్కు సవర్ణులకి లేదని తేల్చింది. పదేళ్ళ ఓపిక అంటే మాటలు కాదు.

మీ ప్రశ్నకి నేరుగా పనికొచ్చేది ఆయన బుద్ధుడి మీద రాసిన పుస్తకంలో ఉంది, ఆయన పోయాక 1957లో వచ్చింది. బుద్ధుడు అహింసని ఒక సూత్రంగా చెప్పాడు, నియమంగా పెట్టలేదు అంటారు అంబేద్కర్. నియమం అయితే నువ్వు దాన్ని విరగ్గొట్టాలి, లేదా అది నిన్ను విరగ్గొడుతుంది. సూత్రం నీకు ఆలోచించుకునే స్వేచ్ఛ ఇస్తుంది. చంపాలనే కోరిక వేరు, చంపక తప్పని అవసరం వేరు, బుద్ధుడు నిషేధించింది మొదటిదాన్ని అని ఆయన వివరణ. సత్యానికీ ఇదే పెట్టి చూడండి. "అబద్ధం ఆడరాదు" అని నియమం పెట్టుకుంటే మీరు మీ అమ్మమ్మ ముందు ఓడిపోయినట్టే, ఇంక జీవితాంతం కుమిలిపోవడమే. సూత్రం అనుకుంటే అడగాల్సింది వేరు: ఆ అబద్ధం ఎవరికి పనికొచ్చింది? ఆవిడకా, ఆవిడ ఏడుపు చూడలేని మీ ఇంటివాళ్ళకా?

తులసికోట:

చవదార్ గారూ, మీ చివరి ప్రశ్న రాత్రంతా నిద్రపోనివ్వలేదు. నిజం చెప్పాలంటే మాకే పనికొచ్చింది. ఆవిడ ముందు ఎవరం ఏడవక్కర్లేకపోయింది.

రాత్రిడ్యూటీ గారికి చాలా థాంక్స్. ఆవిడకి తెలుసేమోనని నాకూ అనిపించేది, ఎవరితోనూ అనలేదు. పోవడానికి వారం ముందు తన నల్లపూసల గొలుసు తీసి నా చేతిలో పెట్టి "కడిగించి దాచు" అంది. పుండు మానబోయే మనిషి అలా ఇవ్వదు కదా.

పాతపుస్తకం:

చవదార్ గారి విమర్శని నేను తోసిపుచ్చను, 1932 దీక్ష విషయంలో అంబేద్కర్ వైపే న్యాయం ఎక్కువుందని నాకూ చాలా ఏళ్ళుగా అనిపిస్తోంది. ఒకటి మాత్రం కలపాలి. 1939 మార్చిలో గాంధీ రాజ్‌కోట్‌లో దీక్ష చేశారు, ఆ సంస్థానాన్ని ఏలే ఠాకూర్ మాట తప్పాడని. దీక్షలో ఉంటూనే వైస్రాయ్‌ని జోక్యం చేసుకోమన్నారు. ప్రధాన న్యాయమూర్తి మారిస్ గ్వైయర్ తీర్పు గాంధీకి అనుకూలంగా వచ్చింది, అంటే గెలిచినట్టే. ఆ మే నెలలో ఆయనే ఆ గెలుపుని వదిలేశారు. దీక్ష చేస్తూ పైవాడి చేత ఒత్తిడి తెప్పించాను, అందులో హింస ఉంది, నా తప్పు అని బహిరంగంగా రాసేశారు. గెలిచాక తప్పు ఒప్పుకోవడం ఎంత కష్టమో ఎవరికి వాళ్ళు ఆలోచించుకోండి. 1932 గెలుపు గురించి కూడా, ఇది నాకొద్దు అని ఉంటే ఎంత బాగుండేది. అనలేదు.

ఏటిగట్టు:

ఆలస్యంగా చూశాను ఈ చర్చ.

"సత్యం బ్రూయాత్ ప్రియం బ్రూయాత్" శ్లోకం ఎవరూ ఎత్తలేదేంటి? మనలో చాలామందికి మొదటి పాదమే తెలుసు, అప్రియమైన సత్యం చెప్పకు అన్న రెండోదాకా కొందరు వెళ్తారు. దాని వెంటనే ప్రియం కదా అని అబద్ధమూ చెప్పకు అని కూడా ఉంది. గాంధీని దీని గురించి అడిగితే, నిజాన్ని మృదువుగా చెప్పమని దానర్థం, మృదువుగా చెప్పలేకపోతే అసలు చెప్పకపోవడం మేలు అన్నారు. నర్సుగారు పైన చెప్పిన పద్ధతి అచ్చం ఇదే అని నాకనిపించింది.

అహింస అంటే నొప్పి కలగకుండా చూడటమే అనుకునేవాళ్ళు 1928లో సబర్మతి ఆశ్రమంలో జరిగింది చదవాలి. ఒక దూడ నయంకాని జబ్బుతో విలవిల్లాడుతోంది. గాంధీ డాక్టర్ని పిలిపించి, తాను పక్కనే నిలబడి, సూదిమందుతో దాని ప్రాణం తీయించారు. దేశం నలుమూలల నుంచీ తిట్ల ఉత్తరాలు వచ్చాయి, అహింస అని చెప్పి గోహత్య చేశావని. మనిషికైనా ఇదే సూత్రమా, నీకైతే ఒప్పుకుంటావా అన్న ప్రశ్నకి, అవును, రెండు చోట్లా ఒకటే ధర్మం అని రాశారు. నేను ఆ నిర్ణయంతో పూర్తిగా ఏకీభవించలేను. నోరులేని దూడ, ఏం కావాలో చెప్పలేదు, దాని బదులు ఇంకొకరు తేల్చక తప్పదు. మీ అమ్మమ్మకి నోరుంది, అడిగింది కూడా. ఆ తేడా నాకు చాలా పెద్దదిగా కనిపిస్తోంది.

తనకి తెలిసిందే సత్యం అనే పట్టుదల గాంధీకీ ఉండేది. 1934 జనవరిలో బిహార్ భూకంపం వచ్చినప్పుడు అది అంటరానితనం పాపానికి శిక్ష అన్నారు. ఠాగూర్ నొచ్చుకుని, ప్రకృతి ఉత్పాతానికీ నీతికీ ఇలా ముడి పెట్టకూడదని రాశారు. గాంధీ తన మాట వెనక్కి తీసుకోలేదు, అది నాకు ఇప్పటికీ మింగుడు పడదు. కానీ ఠాగూర్ ఖండనని తన హరిజన్ పత్రికలోనే అచ్చు వేశారు. నేను నమ్మింది ఇది, కాదన్నవాడి మాట ఇది, రెండూ చదువుకోండి అని. మన గోరా గారితో కూడా అలాగే. ఆయన పచ్చి నాస్తికుడు, గాంధీతో దేవుడి గురించి గంటల తరబడి వాదించారు. దేవుడే సత్యం అనే మాటని సత్యమే దేవుడు అని గాంధీ అప్పటికే తిరగేశారు కాబట్టి వాళ్ళిద్దరికీ కలిసే చోటు దొరికింది. గోరా గారి కూతురి కులాంతర వివాహంలో దేవుడి పేరు బదులు సత్యం పేరు చెప్పడానికి కూడా ఒప్పుకున్నారు. ఆ పెళ్ళి 1948 మార్చిలో సేవాగ్రామ్‌లో జరిగింది, అప్పటికి గాంధీ లేరు.

తులసికోట గారూ, మీ చిన్నమ్మమ్మగారు ఉన్నారా?

తులసికోట:

ఉన్నారు. మీరు అడిగాక రెండు రోజులు ఫోన్ చేతిలో పట్టుకునే తిరిగాను.

నిన్న చేశాను. దినాలకి కూడా ఆవిడ రాలేదు, మేం సరిగ్గా పిలవనూ లేదు. నా గొంతు పోల్చుకుని "నువ్వా" అంది, అంతే. నేను ఏవేవో యోగక్షేమాలు అడిగి, ఇంక ఆగలేక చెప్పేశాను, అమ్మమ్మది పుండు కాదు, మాకు మొదట్నుంచీ తెలుసు, ఆవిడకి చెప్పలేదు అని. అవతల చాలాసేపు చప్పుడు లేదు. ఫోన్ పెట్టేసిందేమో అనుకున్నాను. తరువాత "నన్ను అడిగిందా?" అంది.

ఇక్కడ ఒక్క క్షణం నాకు మళ్ళీ అదే బుద్ధి పుట్టింది, అడగలేదంటే ఆవిడకి బాధ తగ్గుతుంది కదా అని. నర్సుగారి మాట గుర్తొచ్చింది. అడిగింది చిన్నమ్మమ్మా, రెండుసార్లు అడిగింది, తగ్గాక వెళ్దాం అని మేమే ఆపాం అన్నాను. ఆవిడ ఏడ్చింది, నేనూ ఏడ్చాను. మా మీద కోప్పడింది కూడా, కోప్పడాల్సిందే.

ఆదివారం రమ్మంది. మావయ్య కూడా వస్తానన్నారు. గొలుసు కడిగించి పెట్టాను, అది ఆవిడకే ఇవ్వాలని ఉంది, తీసుకుంటుందో లేదో ఆవిడనే అడుగుతాను.